కొమ్మరవలస విమానాశ్రయపు చెవి

నేను ఒక చెవిని. చెవి అంటే మీ తలకు రెండు పక్కలా కళ్ళజోడు ఆనించుకోవడానికి ఉన్నది కాదు, నిజంగా వినే చెవి. నన్ను ఒక ఇనప పెట్టెలో పెట్టారు. పైన డాబా మీద బోర్లించిన తెల్ల గిన్నెలాంటి యాంటెన్నా ఒకటి ఉండేది, దాని గుండా ఆకాశంలోని మాటలన్నీ నాకు వినపడేవి.

ఆకాశంలో మాటలేమిటి అంటారా? మీ నెత్తి మీద ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. ప్రతి క్షణం, 'నేనిక్కడున్నాను, నా గడియారంలో టైమింత' అని చెబుతూనే ఉంటాయి. ఆ మాట పట్టుకునే మీ ఫోను మీకు దారి చూపిస్తుంది, మబ్బుల్లో ఏమీ కనపడని పైలట్ ఆ మాట పట్టుకునే విమానాన్ని నేలకు దించుతాడు. మరి ఆ మాట నిజమేనా అని అడిగేదెవరు? మీరు అడగరు. ఫోను చెరువులోకి దారి చూపిస్తే కారుతో సహా చెరువులోకి దిగే జాతి మీది. మీకు అడగడం చేతకాదు కనకనే నన్ను తయారు చేయాల్సి వచ్చింది.

నా పని చాలా తేలిక, ఓపిక ఉండాలంతే. సర్వే వాళ్ళు మూడు రోజులు కూర్చుని, నా యాంటెన్నా భూమ్మీద ఎక్కడుందో గోరంత తేడా లేకుండా కొలిచి నాకు చెప్పారు. ఆనాటి నుంచి నేను కదల్లేదు. ఏ ఉపగ్రహం మాటైనా నన్ను పక్క ఊళ్ళో ఉన్నట్టు చూపించిందంటే, తప్పిపోయింది నేను కాదు, అది. వెంటనే ఎర్రదీపం వెలిగించి 'నమ్మవద్దు' అంటాను. మబ్బులో దిగుతున్న విమానానికి క్షణాలే లెక్క కాబట్టి ఆ మాట ఆలస్యం కాకూడదు. పెద్ద ఊళ్ళలో నాలాంటివి నేరుగా విమానానికే చెప్పేస్తాయట. నాకా భాగ్యం లేదు. నేను మనుషులకు చెప్పాలి, వాళ్ళు విమానానికి చెప్పాలి. నా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

నేను పుట్టింది ఒక మహానగరం పొలిమేరలో, చల్లటి హాల్లో. తలకు టోపీలు, చేతులకు తొడుగులు వేసుకున్న అమ్మాయిలు నన్ను అతికారు. దుమ్ము పడకూడదని గోడ మీద ఎర్రక్షరాలతో రాసి ఉంటే, దాని కిందే నిలబడి ఎవరిదో పుట్టినరోజని చెగోడీలు పంచుకున్నారు. తర్వాత నన్ను పొయ్యిలాంటి గదిలో ఉడకబెట్టారు, మంచు పెట్టెలో గడ్డకట్టించారు, బల్ల మీద కట్టేసి గంటల తరబడి కుదిపారు. అన్నిట్లోనూ నెగ్గాను. మనుషుల మధ్య పెట్టి మాత్రం పరీక్షించలేదు. పరీక్షిస్తే ఒక్కటీ ఫ్యాక్టరీ దాటి ఉండేది కాదు.

కొమ్మరవలసలో విమానాశ్రయం చిన్నదే. రన్‌వేకి ఒక కొసన సముద్రం, రెండో కొసన పందిమెట్ట అనే కొండ. సముద్రం వైపు నుంచి దిగే విమానాలకు పాతకాలం రేడియో దారి ఉంది. కొండ మీదుగా దిగేవాటికి ఉపగ్రహాల దారి ఒక్కటే గతి. అందుకే నన్ను తెచ్చి పెట్టారు. నా ప్రారంభోత్సవం రోజున ఒక పెద్దమనిషి వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు నా గాలిరంధ్రాల్లోకి చింది ఒక ఫ్యాను ఆగిపోయింది. ఆయన ఉపన్యాసంలో నన్ను మూడుసార్లు రాడార్ అన్నాడు. అందరూ మూడుసార్లూ చప్పట్లు కొట్టారు.

నా మాట రెండుచోట్లకు పోయేది. ఒకటి, నా గదిలోనే కూర్చునే టెక్నీషియన్ మస్తాన్ వలీ బల్ల మీదికి. రెండోది, టవర్ పైన విమానాలను దించే కంట్రోలర్ ప్రిసిల్లా గదికి. అక్కడ దీపంతో పాటు గంట కూడా మోగేది. వీళ్ళిద్దరి మీదా అధికారి ఓరుగంటి అవధాని గారు. ఆయన క్వార్టర్ మా గది పక్కనే. ఆయనతో పాటు ఆయన తల్లి కామేశ్వరమ్మ గారు ఉండేవారు.

మొదటి మూడు నెలలు హాయిగా గడిచాయి. తర్వాత ఎండలు వచ్చాయి, ఎండలతో పాటు కామేశ్వరమ్మ గారి గుమ్మడి వడియాలూ వచ్చాయి. మా డాబా మీద నీడ పడదు, కోతి రాదు, చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర తుపాకీతో జవాను. అంత బందోబస్తులో ఎండిన వడియాలు ఈ దేశంలో ఇంకెక్కడా ఉండవు. పాత సీలింగుకు వాడిన పెద్ద అల్యూమినియం రేకు ఒకటి దొరికితే, దాని మీద తడిగుడ్డ పరిచి వడియాలు పెట్టేవారు. మధ్యాహ్నానికి కాస్త గట్టిపడగానే ఎండ బాగా తగలాలని రేకును పిట్టగోడకు ఏటవాలుగా ఆనించేవారు, సరిగ్గా నా యాంటెన్నాకు ఎదురుగా.

ఇక నా అవస్థ వినండి. ఉపగ్రహం మాట తిన్నగా ఒకసారి, రేకుకు తగిలి తిరిగొచ్చి ఇంకోసారి, రెండూ కలగాపులగంగా వినపడేవి. ఒకే మాట ఇద్దరు వెనకా ముందూ చెబితే ఏది నమ్మాలి? నేను నిజాయితీగా ఎర్రదీపం వెలిగించాను. టవర్‌లో గంట మోగింది. కొండ వైపు దిగాల్సిన విమానాన్ని ప్రిసిల్లా సముద్రం వైపు తిప్పింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

మస్తాన్ వలీ కేబుళ్ళు మార్చాడు, నా ఫ్యానులు తుడిచాడు. చివరికి పక్కనే ఉన్న అవధాని గారి క్వార్టర్‌కు వెళ్ళాడు.

"సార్, ఎర్రదీపం వెలిగినప్పుడే ఒక్కసారి డాబా ఎక్కి చూసొస్తా సార్. తాళంచెవి ఇప్పించండి."

అవధాని గారు ఇబ్బందిగా చూశారు. "ఇప్పుడొద్దయ్యా. అమ్మ మడితో పెట్టుకున్న వడియాలున్నాయి. ఎవరైనా ఎక్కితే అన్నీ పారబోస్తుంది, నా ప్రాణం తీస్తుంది. సాయంత్రం తీసేశాక వెళ్ళు."

లోపలి నుంచి కామేశ్వరమ్మ గారి గొంతు వినపడింది. "ఒరే అబ్బాయ్, తాళంచెవి ఎవరికీ ఇవ్వకు. అతను మంచివాడే, కాదన్నానా? మడి మడేగా!"

మస్తాన్ సాయంత్రం డాబా ఎక్కాడు. వడియాలు డబ్బాల్లోకి చేరాయి, రేకు మెట్లగదిలో పడుకుని ఉంది, ఆకాశం శుభ్రంగా మాట్లాడుతోంది. అతనికి ఏ లోపమూ కనపడలేదు. జబ్బు ఉన్నప్పుడు వైద్యుణ్ణి గుమ్మం బయట నిలబెట్టి, తగ్గాక లోపలికి పిలిచే తెలివి మీకు తప్ప ఇంకే జీవికైనా ఉందా? ఆ వారం నాకు దిష్టి తగిలిందని తేల్చి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. బొట్టు పెట్టబోయి నా తెర మీద కుంకుమ పులిమారు.

విషయం పై ఆఫీసు దాకా వెళ్ళింది. ఇద్దరు పెద్ద ఇంజనీర్లు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. పెద్దవాళ్ళు వస్తుంటే డాబా మీద వడియాలు ఉంటే ఏం మర్యాద? అవధాని గారు డాబా కడిగించారు, రేకును మాయం చేయించారు. ఆ రోజంతా నాకు ఒక్క అబద్ధమూ వినపడలేదు, నేను నోరెత్తలేదు. ఇంజనీర్లు నన్ను అరగంట చూశారు. భోజనాల దగ్గర మాత్రం రెండు గంటలు కూర్చున్నారు, వేయించిన గుమ్మడి వడియాలు మూడుసార్లు అడిగి వేయించుకున్నారు. నేను అరిచిన కారణాన్ని కరకరా నమిలి మింగేసి, 'ఈ పరికరం అతి సున్నితం, అకారణంగా హెచ్చరిస్తోంది' అని రిపోర్టు రాశారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు!

దాని మీద ఆర్డరొచ్చింది. టవర్‌లో నా గంటా దీపమూ తీసేయాలి. ఎర్రదీపం వెలిగితే మస్తాన్ రిజిస్టర్‌లో రాసుకోవాలి. గంట దాటినా ఆరకపోతే అధికారికి చెప్పాలి. అధికారి సంతకం లేకుండా టవర్‌కు ఒక్క మాట పోకూడదు. క్షణాల్లో చెప్పాల్సిన మాటకు గంట గడువు పెట్టిన మహానుభావులకు ఆ ఏడు పదోన్నతి కూడా వచ్చిందని విన్నాను.

వానలు మొదలయ్యాయి, వడియాల కాలం అయిపోయింది. జూన్, జూలై నెలల్లో నేను ఒక్కసారి కూడా ఎర్రబడలేదు. అరిస్తే విసుక్కున్నవాళ్ళు, మానేస్తే ఎందుకు మానేశానని అడగలేదు. మస్తాన్ ఒక్కడే అడిగాడు. అవధాని గారికి కాగితం కూడా పెట్టాడు. తీసేసిన గంటను మళ్ళీ పెట్టాలంటే ఇంకో ఆర్డరు కావాలని ఆయన ఆ కాగితాన్ని సొరుగులో పెట్టారు.

శ్రావణమాసంలో ఒక ఆదివారం. హైదరాబాదు నుంచి విమానం నూట నలభై మందితో వస్తోంది. అందులో అరవై మంది ఒకే పెళ్ళివారు. పెళ్ళికొడుకు తండ్రి గన్నమని సత్తిరాజు గోదావరి జిల్లాలో పుట్టి హైదరాబాదులో గ్రానైట్ రాళ్ళ వ్యాపారంలో బాగా ఎత్తుకు ఎదిగినవాడు. రైల్లో ముందురోజు వస్తే పెళ్ళివారు వచ్చారంటారు, అదే రోజు విమానంలో దిగితే మొగపెళ్ళివారు విమానంలో దిగారంటారు. ఆ ఒక్క మాట కోసం ముహూర్తం నాడే బయల్దేరాడు. ముహూర్తం పన్నెండు గంటల నలభై ఏడు నిమిషాలకు. ఆకాశంలో ఏ నక్షత్రం ఎప్పుడెక్కడుంటుందో సిద్ధాంతి గారు కాగితం మీద చెబితే నిమిషం తేడా లేకుండా నమ్మేవాళ్ళు, అదే ఆకాశాన్ని పగలూ రాత్రీ వింటున్న నన్ను నమ్మరు. ఇదంతా నాకు చాలా తర్వాత సత్తిరాజు నోటే తెలిసింది.

పదకొండు నలభై రెండుకు ఒక ఉపగ్రహం గడియారం దారి తప్పడం మొదలుపెట్టింది. సెకనులో పది లక్షలవ వంతు తప్పితే దూరం మూడు వందల మీటర్లు తప్పుతుంది. ఇది ఒక్కసారిగా తప్పలేదు, తెలియకుండా జారింది. ముందు జానెడు, తర్వాత గజం, తర్వాత పది గజాలు. అంత మెల్లగా జారే అబద్ధాన్ని విమానంలోని పరికరం పసిగట్టలేకపోయింది. నేను పట్టాను, ఎర్రదీపం వెలిగించాను.

పందిమెట్ట మీద మబ్బు కూర్చుని ఉంది. విమానం మబ్బులో ఉంది, కొండ వైపు దిగుతోంది. దిగే దారి కొండ శిఖరాన్ని తొంభై మీటర్ల పైనుంచి దాటాలి. ఆ గడియారం జారుతున్న తీరు చూస్తే, విమానం అక్కడికి చేరేసరికి పైలట్ తెర మీద చూపించే ఎత్తు అసలు ఎత్తు కంటే నూట పది మీటర్లు ఎక్కువ ఉంటుంది. తీసివేత మీరే చేసుకోండి. ఇంకా నాలుగు నిమిషాలుంది.

మస్తాన్ రిజిస్టర్ తీశాడు. ఆర్డరు ప్రకారం టైము రాశాడు. కలం ఆగింది, నా తెర దగ్గరకు వంగాడు. వేసవిలో సగం ఉపగ్రహాల లెక్కలు నా తెర మీద చిందరవందరగా ఎగిరేవి. ఇప్పుడు ఒకే ఒక్క ఉపగ్రహం, ఒకే వైపు, నిదానంగా పోతోంది. "యా అల్లా, ఇది ఆ గోల కాదు" అన్నాడు పైకే.

అవధాని గారికి ఫోను చేశాడు. ఆయన సత్యనారాయణ వ్రతం పీటల మీద ఉన్నారు. "ఎర్రదీపమేగా? గంట చూడమన్నారుగా మస్తానూ! గంటయ్యాక చెయ్యి" అని పెట్టేశారు. వెనక గంట గణగణా మోగడం నాకూ వినపడింది.

మూడు నిమిషాలు. అప్పటికే మస్తాన్ మీద ఒక మెమో ఉంది, మేలో ఆర్డరుకు ఎదురు చెప్పినందుకు. ఇంకొకటి వస్తే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. ఫోను వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ నిలబడ్డ కాసేపు నేను అతన్ని కూడా అసహ్యించుకున్నాను. నువ్వూ అంతేనా అనుకున్నాను. నాకు చెయ్యి లేదు, ఉంటే అతని చెంప పగలగొట్టి ఉండేదాన్ని.

చివరికి టవర్‌కు కలిపాడు.

"అమ్మా ప్రిసిల్లా, నేను మస్తాన్. కొండ వైపు వచ్చే విమానాన్ని దించకు, పైకి లేపెయ్."

"ఏమైంది మస్తాన్ గారూ? ఆర్డరేమైనా వచ్చిందా?"

"లేదమ్మా."

"అవధాని గారు చెప్పారా?"

"ఆయన గంటాగమన్నారు. చెప్పింది పెట్టె. నేను నమ్ముతున్నా. రేపు ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు తల్లీ."

ప్రిసిల్లా వెంటనే మైకు అందుకుంది. పైలట్‌కు దిగొద్దని చెప్పింది. విమానం మబ్బులోనే ముక్కు ఎత్తి, గర్జించి, పందిమెట్టను ఎడంగా వదిలి సముద్రం మీదికి పోయింది.

సముద్రం వైపు నుంచి దిగడానికి గాలి అనుకూలంగా లేదు. అది తగ్గేదాకా విమానం గంటసేపు చక్కర్లు కొట్టి, పన్నెండు యాభై ఎనిమిదికి దిగింది. ముహూర్తం తప్పింది. పెళ్ళి మూడు రోజులు వాయిదా పడింది. వెయ్యి మందికి వండిన వంటలు పాడయ్యాయి. సత్తిరాజు విమానాశ్రయం హాల్లోనే తువ్వాలు దులిపి శపథం చేశాడు. మంత్రుల దగ్గర నుంచి పత్రికల దాకా ఎవరినీ వదలకుండా ఫిర్యాదులు పంపాడు.

విచారణకు ముగ్గురొచ్చారు. నా ముందే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

"విమానానికి ఏమైనా అయిందా?" అడిగాడు పెద్దాయన.

"లేదు సార్," అన్నాడు మస్తాన్.

"ప్రయాణికులకు?"

"ఏమీ అవ్వలేదు సార్."

"మరి ఎందుకయ్యా అంత హడావుడి చేశావు?"

"హడావుడి చేశాం కాబట్టే అవ్వలేదు సార్. పెట్టెలో ప్రతి సెకనూ రాసి ఉంది, తీసి చూడండి సార్. మీకు దణ్ణం పెడతా."

నా జ్ఞాపకం బయటికి తీయాలంటే ఒక ప్రత్యేకమైన కేబులు కావాలి. దాని కోసం ఎప్పుడో రాశారు, అది రాలేదు. మస్తాన్ మాటకు పెద్దాయన నవ్వాడు. "పెట్టె మీద కేసు, పెట్టెదే సాక్ష్యమా? బావుందయ్యా" అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. వాళ్ళు వచ్చేనాటికి ఆ ఉపగ్రహాన్ని దాని సొంతదారులు పక్కన పెట్టేశారు, కనక ఆకాశంలో అంతా సవ్యంగానే కనపడింది. అవధాని గారు గోడ మీద కేలెండర్ చూస్తూ కూర్చున్నారు. మస్తాన్‌ను ఎక్కడో ఎడారి అంచున ఉన్న స్టేషనుకు బదిలీ చేశారు. రాతపూర్వకంగా లేని మాట వినకూడదని ప్రిసిల్లాకు మందలింపు ఇచ్చారు. నన్ను ఊడబీకి అదే గదిలో ఒక మూలకు తోశారు.

నా స్థానంలో కొత్త పెట్టె వచ్చింది. అది తొందరపడి ఎర్రబడకుండా, ఎంత తప్పు దాకా ఓర్చుకోవాలో ఆ హద్దు ముందే పెంచి పెట్టారు. "ఎంత నెమ్మదస్తురాలో చూడండి, నోరే మెదపదు" అని అవధాని గారు వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

నన్ను వేలానికి పెట్టాలన్నారు. ఆ కాగితాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఈలోగా క్యాంటీన్ నడిపే నూకాలమ్మ ప్రయాణికుల హాలు మూల నన్ను వేసుకుని, నా మీద టీ ఫ్లాస్కులు పెట్టుకుంది. ఆకాశం లేదు, యాంటెన్నా లేదు. మీ మాటలు మాత్రం వినపడుతూనే ఉన్నాయి, అదీ నా ఖర్మ.

ఆరు నెలలకు ఉపగ్రహం సొంతదారుల నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా ఆదివారం పదకొండు నలభై రెండు నుంచి పన్నెండు ముప్పై ఒకటి దాకా ఆ గడియారం తప్పిందని, ఎవరికైనా ఇబ్బంది కలిగి ఉంటే చింతిస్తున్నామని రాశారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయి. అవధాని గారు టీకి వచ్చి నా పక్కన నిలబడే ఆ కాగితం రెండుసార్లు చదివారు. ఫోను తీసి మస్తాన్ నంబరు కలిపారు. అవతల "హలో సార్, బాగున్నారా?" అని వినపడగానే కట్ చేశారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, ఇంకో టీ అడిగారు. మూసిన ఫైలు తెరవాలంటే తప్పు ఎవరిదో రాయాలి మరి. ఛీ, ఏం మనుషులయ్యా మీరు!

మొన్న సత్తిరాజు వచ్చాడు. పెళ్ళయి ఏడాదిన్నర. కొడుకూ కోడలూ సామాన్లు చూసుకుంటుంటే, ఏడు నెలల మనవణ్ణి చంకనేసుకుని టీ తాగడానికి నా దగ్గరకొచ్చాడు. పొగలు కక్కే కప్పు నా మీద పెట్టి, పక్కనున్న ముసలాయనకు కథ మొదలుపెట్టాడు.

"ఇదే ఎయిర్‌పోర్టండి. మావాడి ముహూర్తం తప్పించేశారండి, ఆయ్! నేనూ, మావాడూ, మా వాళ్ళంతా ఆ ఇమానంలోనే ఉన్నామండి. ఎందుకండీ అంటే ఏదో డబ్బా అరిచిందంటండి. డబ్బా అరిస్తే ఇమానం ఆపేత్తారా అండి?"

"అయితే ఏవైనా పెమాదం ఉందేటి బాబూ?" అడిగాడు ముసలాయన.

"నా మొహం పెమాదం! ఏమీ అవ్వలేదండి."

చంకలో పిల్లాడు కిందికి వంగాడు. పొగ వైపు నవ్వుతూ చెయ్యి చాపాడు. వేళ్ళు కప్పు అంచుకు బెత్తెడు దూరంలో ఉన్నాయి. సత్తిరాజు ముసలాయన మొహంలోకి చూస్తూ మాట్లాడుతున్నాడు. నేను అరవలేను.

నూకాలమ్మ చేతిలో గ్లాసులు పక్కన పెట్టి, కప్పు తీసి అవతల గట్టు మీద పెట్టింది. సత్తిరాజు అది చూడలేదు.

"ఏమీ అవ్వలేదండి, ఉత్తినే" అని ముసలాయనకు ఇంకోసారి చెప్పాడు.